ఊద తెలీని బూరబ్బాయి

ఏంటే ఇందిరా, చేతిలో అదేంటి? ఏదీ, ఇలా వెలుతుర్లోకి తే. పూలకుండీలో వరి మొలిచిందంటావా? పిచ్చుకెక్కడిదో వడ్లగింజ తెచ్చి పడేసుంటదంటావా? బాగానే ఉంది కథ. ఇది వరి కాదమ్మా, ఊద. ఊదగడ్డి. వరిచేలో వరితోపాటే మొలుస్తది, వరిలాగే ఉంటది, వరి తినాల్సిన ఎరువంతా తనే తినేసి ఏపుగా పెరుగుద్ది. వరి కంటే ముందే గింజ రాల్చేసి, పై ఏటికి మళ్ళీ తయారు. ఎలా తెలిసిందంటే ఏం చెప్తాం, చూస్తే తెలిసిపోద్ది. ఆ, నవ్వు. సరిగ్గా ఈ మాటకే మమ్మల్ని చంపుకు తిన్నోడు ఒకడుండేవాడు. యేసురత్నమని, కృపావతి అమ్మమ్మ మొగుడు. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయేడు. నాకు మరిది అవుతాడు. కృపావతి మా ఇస్సాకు బాబాయి కూతురు కదా, అలాగన్నమాట. వరుసకి మరిదేగానీ అతన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ పొట్ట పట్టుకుని నవ్వడమే. కూర్చో, ఆ చిక్కుడుకాయలు ఇలా పెట్టు, ఈనెలు తీసుకుంటా చెప్తాను.

అతనిది రాజోలు అవతల, సముద్రం వైపు. అటంతా ఇసక నేల, కొబ్బరి తోటలు. వాళ్ళ నాన్న మిషను కుట్టేవాడు. ఇతను బియ్యం బస్తాలో చూడటమేగానీ చేలో ఎలా ఉంటాయో ఎరగడు. యేసురత్నం బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయించేవాడు. మావోళ్ళకి ఆ పేరు నోరు తిరిగేది కాదు, బూర అనేవోళ్ళం. తెల్లపంట్లాం, ఎర్రకోటు, భుజాన బంగారు రంగు కుచ్చులు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మనిషి చూడ్డానికి దొరబాబులా ఉండేవాడు. డెబ్బై నాలుగో, ఐదో సరిగ్గా చెప్పలేనుగానీ, పెద్ద తుఫాను రాకముందే. ఎండాకాలం, ముక్తేశ్వరంలో పెద్దోళ్ళింట పెళ్ళి. ఊరేగింపు చూద్దామని మా పేట ఆడోళ్ళమంతా కాలవగట్టు మీద నిలబడ్డాం. మేళం వస్తా ఉంది. ముందు డోలువాడు వెనక్కి చూసుకుంటా నడుస్తన్నాడు, పక్కన బోదె, అదే పిల్లకాలవ, చూసుకోలేదు. అంత డోలుతో సహా బోదెలో కూలబడ్డాడు. డోలు మటుకు తేలింది. దానికి మా కృపావతి నవ్వింది. దాని నవ్వు నీకేం తెలుసు, ఇప్పుడు పళ్ళు లేవుగానీ, ఆ రోజుల్లో మరచెంబులో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుండేది. ఆ నవ్వు యేసురత్నం చెవిన పడింది. అంతే. అప్పుడు వాయిస్తన్న పాట మధ్యలో వదిలేసి, ఆ నవ్వుకి బదులు చెప్పినట్టు ఇంకేదో వాయించేడు. పెళ్ళికొడుకు పల్లకీలోంచి తల బయటెట్టి చూసేడు. "నాకప్పుడు ఏ పాట వాయించేనో కూడా తెలీదు వదినగారూ, చెవిలో నవ్వొకటే ఉంది" అని తర్వాత ఎన్నిసార్లు చెప్పేడో.

నవ్వే విన్నాడుగానీ మనిషిని చూడలేదు. ఎందుకు చూడలేదంటావా? చూపు ఆనదు. చేతికి అందేంత దూరం దాటితే అతనికి లోకమంతా పొగమంచే. పాటలన్నీ కంఠతా కాబట్టి మేళంలో గడిచిపోయేది. కళ్ళజోడు పెట్టుకుంటే ముసలోడంటారని సిగ్గు. ఇంకో భయం కూడా, గుడ్డోడికి పిల్లనెవరిస్తారని. అందుకని ఎవరికీ చెప్పేవాడు కాదు. మర్నాడు ఎర్రకోటు తీసేసి, శుభ్రంగా తల దువ్వుకుని, చేతిలో మల్లెపూల పొట్లంతో మా పేటకొచ్చేడు. కృపావతి ఆకుపచ్చ కోక కట్టుకుందని ఎవరో చెప్పేరంట. ఆ రోజు ఆకుపచ్చ కోక కట్టుకుని చేటలో బియ్యం చెరుగుతా అరుగు మీద కూర్చున్నదెవరంటే బంగారమ్మ. మా కలుపు గుంపుకి మేస్త్రమ్మ ఆవిడ, నోరు విప్పితే కాకులు ఎగిరిపోవాలి. యేసురత్నం తిన్నగా వెళ్ళి, ఆవిడ ముందు పొట్లం పెట్టి, తల వంచుకుని, "నిన్న మీ నవ్వు విన్నాక నాకు అన్నం సయించలేదండీ" అన్నాడు. బంగారమ్మ చేట ఆపింది. పొట్లం విప్పి చూసింది. పూలు తల్లో పెట్టేసుకుంది. అప్పుడు, "బాబూ, నాకు ఇద్దరు మనవలు. పెద్దోడికి నీ ఈడుంటది. వాళ్ళ తాతగారిని అడిగి చెప్తాను, కూర్చో" అంది. లోపలున్న మేమంతా గోడకి చేరబడిపోయేం. అందులో కృపావతీ ఉంది. మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు రాగానే అతని తల అటు తిరిగిందే, పొద్దుతిరుగుడు పువ్వు తిరిగినట్టు. అప్పుడే దానికి కూడా మనసైపోయిందనుకుంటా. ఏం చూసి మనసు పడ్డావే అంటే, "తప్పు చేసి కూడా పారిపోలేదక్కా, నిలబడ్డాడు" అనేది.

మా బాబాయి కౌలుకి చేసుకునేవాడు. మాటలు తక్కువ. ఏం చెప్పినా ముందు "ఆయ్" అంటాడు. ఆ ఆయ్ లోనే అవునో కాదో మనం తెలుసుకోవాలి. యేసురత్నం వెళ్ళి పిల్లనడిగేడు. "ఏం చేస్తావు బాబూ?" అన్నాడు బాబాయి. "క్లారినెట్ వాయిస్తానండి." "ఆయ్. అది సరే, పనేం చేస్తావు?" "అదే పనండి." "మరి పెళ్ళిళ్ళు లేని రోజుల్లో?" "సాధన చేస్తానండి." బాబాయి చాలాసేపు అతని చేతుల వంకే చూసేడు. సన్నటి పొడుగాటి వేళ్ళు, ఆడపిల్ల వేళ్ళలాగ. "చూడు బాబూ, ఊదటం మంచి పనే. కానీ ఊదేవాడికి ఊదేదో, వరేదో కూడా తెలియాలి. రేపు వానలు పడి సార్వా పంట ఊడ్చేక రా. మాతోపాటు చేలో దిగు. చేను తెలిసినోడికి నా పిల్లనిస్తాను" అన్నాడు. ఆ మాట పేటంతా పాకిపోయింది. ఊదటం వచ్చుగానీ ఊద తెలీదంట, అని పిల్లలు పాట కట్టేసేరు.

వస్తాడని ఎవరం అనుకోలేదు. ఊడ్పులయ్యి చేలు పచ్చబడి, కలుపుతీతలు మొదలయ్యేసరికి చేతిసంచితో దిగేడు. ఆ సంచిలో క్లారినెట్టు, ఒక జత బట్టలు. తెల్లపంట్లాం మోకాళ్ళ దాకా మడిచి మాతోపాటు మడిలోకి దిగితే బంగారమ్మ, "రండి అల్లుడుగారూ, పూలు తెచ్చేరా" అంది. మేం వరసగా వంగుని తీసుకుంటా పోతన్నాం. అతనికి గట్టు వారన ఒక చెక్క, అదే చిన్న మడిముక్క, ఇచ్చేరు. యేసురత్నం ఎవర్నీ ఏమీ అడగలేదు. అడిగితే ఆనదని తెలిసిపోద్దని భయం. తల ఎత్తకుండా చేసేడు. మాకంటే జోరుగా చేసేడు. పొద్దెక్కేసరికి గట్టెక్కి, నడుం మీద చేతులేసుకుని, "అయిపోయిందండీ" అన్నాడు. మేం తిరిగి చూసేం. అమ్మా, ఏం చెప్పమంటావు. ఆ చెక్కలో ఊదంతా నిటారుగా, ఒక్క మొక్క పోకుండా నిలబడుంది. వరంతా పీకి, మట్టి దులిపి, కట్టలు కట్టి, గట్టు మీద ముచ్చటగా పేర్చేడు. "బలంగా ఉన్నది వరి, బక్కగా ఉన్నది కలుపు అనుకున్నానండీ" అన్నాడు. నిజమే కదా పాపం, ఊదే బలంగా ఉంటది. బంగారమ్మ బురదలోనే కూర్చుండిపోయింది. దానికి నవ్వి నవ్వి ఎక్కిళ్ళొచ్చేసినాయి. అప్పుడొచ్చేడు బాబాయి గట్టు మీద. మేం నవ్వులాపేం. బాబాయి కట్టలు చూసేడు, మడి చూసేడు. తిట్టలేదు. "లేతగానే ఉంది, బతుకుద్ది. మళ్ళీ నాటెయ్యి. నాటేసి మీ ఊరెళ్ళిపో" అన్నాడు. యేసురత్నం ఆ ఊదంతా పీకి, పీకిన వరంతా మళ్ళీ ఒక్కొక్క పోచా నాటేడు. పొద్దుగూకేదాకా నాటుతానే ఉన్నాడు. నాటేడుగానీ ఊరు మటుకు వెళ్ళలేదు.

కృపావతి కాలవ దగ్గర అడిగేసింది, మీకు కళ్ళు కనపడవు కదా అని. అతను ఒప్పేసుకున్నాడు. "మీ మొహం ఎలా ఉంటదో కూడా నాకు తెలీదండీ, నవ్వు తెలుసంతే" అన్నాడంట. అది దగ్గరికొచ్చి నిలబడింది. చూడండి అంది. ఆ తర్వాతేమైందో అది నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. మర్నాడే బస్సెక్కించి అమలాపురం పంపింది. నల్లఫ్రేము కళ్ళజోడు పెట్టుకుని వచ్చేడు. వస్తా వస్తా దారిలో కనపడ్డ ప్రతిదాన్నీ పలకరించేడు. "కొబ్బరాకుకి ఇన్ని పాయలుంటాయా వదినగారూ? బంగారమ్మగారికి మీసాలున్నాయేంటండీ?" ఆవిడ చీపురు తిరగేసింది. సరే, ఇహ కలుపు గండం గట్టెక్కిందని మేం అనుకున్నాం. చేలోకి తీసుకెళ్ళేం. గట్టు మీద నిలబడి కళ్ళజోడు సర్దుకుని, వంగి చూసేడు, లేచి చూసేడు. "ఇప్పుడు రెండూ బ్రహ్మాండంగా కనపడతన్నాయండీ. రెండూ ఒకటే" అన్నాడు.

అప్పణ్ణించి పేటలో ఒక్కొక్కర్నీ పట్టుకుని అడగడం. ఎలా తెలుస్తదండీ? ఊద మొదలు కొంచెం ఎర్రగా ఉంటదంటది ఒకావిడ. ఆకు మధ్య ఈనె తెల్లగా ఉంటదంటది ఇంకొకావిడ. బంగారమ్మేమో, "వరి వరిలా ఉంటది, ఊద ఊదలా ఉంటది, నీ మొహం నీలా ఉంటది" అనేసింది. నేనూ అంతే, చూస్తే తెలిసిపోద్దన్నాను. మాకు నిజంగా అంతే తెలుసమ్మా. చిన్నప్పణ్ణించి చూస్తన్నాం, చెయ్యి దానంతటదే పోద్ది, ఎందుకంటే ఏం చెప్తాం. అతనికి ఉక్రోషం వచ్చింది. రెండు మొక్కలూ పీక్కుని అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు తీసేసేడు. దూరం ఆనని వాళ్ళకి దగ్గరివి బాగా ఆనతాయి కదా. ముక్కుకి ఆనించుకుని, మేళమోళ్ళు బూరలో ఆ రెల్లుపుల్ల పరీక్ష చేసుకుంటారే, అలాగ ఒక్కొక్క ఆకూ విప్పి చూసేడు. ఒక్కసారి లేచి, అక్కణ్ణించే, "దీనికి చెవులున్నాయి" అన్నాడు. మతిపోయిందనుకున్నాం. వెళ్ళి చూసేం. ఆకు కాండాన్ని వదిలి పక్కకి వాలే చోటుంది చూడు, ఇదిగో ఇక్కడ, వరికైతే తెల్లగా పల్చగా నాలిక లాంటి పొర, దాని పక్కన అటొకటి ఇటొకటి నూగుతో చిన్న చెవులు. ఊదకి ఆ చోట ఏమీ ఉండదు. నున్నగా బోడిగా ఉంటది. ఏదీ, నీ మొక్క చూడు. ఉందా? లేదా? మరి అదే. అన్నేళ్ళు కలుపు తీసేం, ఎవరం అంత పరకాయించి చూడలేదు. ఆ రోజంతా పేటలో ఆడోళ్ళూ మగోళ్ళూ వరిమొక్కలు ముక్కుకి ఆనించుకుని చెవులు వెతకడమే.

ఇంక అతన్నెవరాపుతారు. మడిలో మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ప్రతి మొక్కనీ ఆ సన్నటి వేళ్ళతో తడిమి, చెవులుంటే వదిలెయ్యడం, లేకపోతే పీకెయ్యడం. మేం మడి చుట్టి వచ్చేసరికి అతను మొదట్లోనే ఉండేవాడు. ఉండనీ, ఒక్క వరిమొక్క పోయేది కాదు. బాబాయి రోజూ గట్టు మీద నిలబడి చూసేవాడు. ఒక రోజు ఒక మొక్క దగ్గర ఇద్దరికీ పట్టింపొచ్చింది. యేసురత్నం పీకేసి ఊదన్నాడు. వరి అన్నాడు బాబాయి. "చెవుల్లేవండీ." "చెవులుంటే ఏంటి, లేకపోతే ఏంటి, అది వరి. తెల్లారి లేస్తే చూసే మొహం నాకు తెలీదా?" పీకేటప్పుడు నలిగి రాలిపోయినాయో ఏంటో, చెవులు లేని మాట మటుకు నిజమే. ఇద్దరూ తగ్గలేదు. బంగారమ్మ మధ్యలోకొచ్చింది. పాత గోలెంలో ఆ మొక్క నాటించి, తన దొడ్లో పెట్టించి చుట్టూ ముళ్ళకంప వేసి, "కంకి వెన్ను తీసేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. అప్పుడు ఎవరిది నిజమో అదే చెప్పుద్ది" అంది. ఊదైతే పిల్లనిస్తాను, వరైతే సంచి సర్దుకుని వెళ్ళిపోవాలన్నాడు బాబాయి. ఆయ్ అన్నాడు యేసురత్నం. మా మాట అప్పటికే పట్టుబడిపోయింది.

అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది. పిలకలేసి గుబురుకట్టేసరికి మాకందరికీ తెలిసిపోయింది, అది వరే. దూరం నించి చూసినా తెలుస్తంది. ఒక్క యేసురత్నానికే తెలీదు, చెయ్యి పెట్టకూడదు కదా. వచ్చి కంప బయట నిలబడి, కళ్ళజోడు తుడుచుకుని, "బాగా ఎదుగుతంది మన ఊద" అనేవాడు. మేం నోళ్ళు కుట్టేసుకున్నాం. ఎవరికి మనసొప్పుతుంది? ఇంతలో శ్రావణమాసం పెళ్ళిళ్ళొచ్చినాయి. ముక్తేశ్వరంలోనే ఒక పెళ్ళికి వాళ్ళ మేళం. అతనూ ఎర్రకోటేసుకుని నిలబడ్డాడు. తీరా వాయిద్దామంటే వేళ్ళేవి? బురదలో నాని నాని పాచిపోయి, వాచి చిన్న అరటిపళ్ళలా ఉన్నాయి. కన్నాల మీద ఆనితే కదా. బూర పందిపిల్లలా కీచుమంది. మళ్ళీ ఊదేడు, మళ్ళీ కీచుమంది. పెళ్ళికూతురు నవ్వాపుకోలేక తలంబ్రాలు ఒలకబోసేసింది. ఊరంతా నవ్వింది, నేనూ నవ్వేను. మేళం మేస్త్రి, "వరి పీక్కో పో, మళ్ళీ మా దగ్గరికి రాకు" అని అందరి ముందూ కోటు విప్పించేసేడు. యేసురత్నం ఆ కోటు మడతపెట్టి ఇచ్చేసి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ మడిలోకి దిగేడు. ఆ పెళ్ళికి బాబాయి కూడా వచ్చేడు, కొబ్బరాకుల పందిరి గుంజ దగ్గర నిలబడ్డాడు. ఒక్కడే నవ్వలేదు.

గోలెంలో మొక్క పొట్టకొచ్చింది. రేపో ఎల్లుండో వెన్ను బయటకొస్తది. పేటంతా పని మానేసి అదే మాట. తెల్లారి చూస్తే ఏముంది, గోలెం దగ్గర బంగారమ్మ మేక నిలబడి నములుతంది. ముళ్ళకంప పక్కకి లాగేసుంది. మొక్క లేదు, మొదలు కూడా లేదు. మేక మూతికి మట్టి. బంగారమ్మ దాన్ని తిట్టిన తిట్లకి దానికి పాలింకిపోయుంటాయి. యేసురత్నం గోలెం ముందు గొంతుక్కూర్చుని, మేక వంకా మట్టి వంకా చూస్తన్నాడు. ఏడ్చేస్తాడనిపించింది. అందరం బాబాయి ఏమంటాడోనని చూస్తన్నాం. బాబాయి మేక గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసేడు. "నాకు వరన్న సంగతి నమ్మకమేగానీ, ఇప్పుడు సాక్ష్యం లేదు. మేక తిన్నాక గడ్డి కాదని ఎలా అంటాం? ఊదే అనుకుందాం. పాస్టరుగారికి కబురెట్టండి" అన్నాడు. మేమంతా ఎంత గోల చేసేమో. బంగారమ్మ ఆ మేక మెడలోనే మందారపూల దండేసింది. క్రిస్మస్ వెళ్ళేక పెళ్ళి. అప్పటికి వేళ్ళు నయమైనాయి, తన పెళ్ళికి తనే వాయించుకున్నాడు.

అక్కణ్ణించి ఇక్కడే ఉండిపోయేడు. బాబాయితో కలిసి చేను చేసేడు. కలుపుమందులొచ్చి, డబ్బాల్లో నీళ్ళు కలిపి కొట్టే రోజులొచ్చినా అతను వేళ్ళతో తడమడం మానలేదు. ఎవరింటికెళ్ళినా ఇదే గొప్ప: "మా మావగారంతటివారికి తెలీని ఊదని నేను పట్టేనండీ. మేక తినేసిందిగానీ లేకపోతే చూసేవారు." బాబాయి పక్కనే కూర్చుని చుట్ట కాల్చుకుంటా "ఆయ్" అనేవాడు. అంతే, ఇంకో మాట లేదు. ఎనభయ్యారు వరదల ముందు బాబాయి పోయేడు. ప్రార్థన గుళ్ళో జ్ఞాపకార్థ కూడిక పెట్టేరు. యేసురత్నం లేచి సాక్ష్యం చెప్పేడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటా, "ఆ రోజు మావగారు పొరపాటు పడ్డారండి. అది ఊదే. కానీ ఆ పొరపాటు ఒప్పుకుని, మాట మీద నిలబడి నాకు పిల్లనిచ్చేరు. అంత పెద్దమనసు నేను ఇంకెక్కడా చూడలేదండీ" అన్నాడు. మగోళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. నా పక్కన కృపావతి మోకాళ్ళ మీద తలపెట్టుకుని ఊగిపోతంది. నాన్న గుర్తొచ్చేడు కదా అని వీపు మీద చెయ్యేసి, ఊరుకోవే అన్నాను. తల ఎత్తింది. కళ్ళనిండా నీళ్ళే. నోట్లో కొంగు కుక్కుకుంది. అది ఏడుపు కాదమ్మా, నవ్వు. ఆపుకోలేక చస్తంది. చెయ్యి పట్టుకుని బయట మెట్ల మీదకి లాక్కొచ్చేను. అప్పుడు చెప్పింది. ఆ రోజు ఇంకా వెలుగు రాకుండా తనే బంగారమ్మ దొడ్లోకి వెళ్ళిందంట, మేకని విప్పేద్దామని. వెన్ను తీస్తే పెళ్ళి పోద్దని దానికి తెలుసు కదా. వెళ్ళేసరికి కంప అప్పటికే లాగేసుంది. గోలెం దగ్గర వాళ్ళ నాన్న, చేతిలో మేక పలుపు. కూతుర్ని చూసి ఉలిక్కిపడ్డాడంట. అప్పుడాయనే, "చూస్తా నిలబడతావేం? గోలెం గట్టిగా పట్టుకో, మొదలంటా తిననీ" అన్నాడంట.

లోపల యేసురత్నం గొంతు ఇంకా వినపడతానే ఉంది, కథలో మేక దగ్గరికొచ్చేడు అప్పటికి. మరి ఇన్నేళ్ళూ మీ ఆయనకి చెప్పలేదేమే అన్నాను. కొంగుతో మొహం తుడుచుకుని, "చెప్తే మళ్ళీ ఇంకో గోలెం పెడతాడక్కా" అంది...

ఆయ్. సరేగానీ, కాయలు మరీ ముదిరిపోయినాయి, ఎవరు కోసేరే వీటిని? లే, పొయ్యి మీద పాలేమైనాయో చూసిరా.